రెండో ఆటగాడి వార్షిక రుసుము

ఆ శనివారం ఉదయం లిండ్‌హోమ్ దంపతుల కాపురం వంటింటి బల్ల మీద కూలిపోబోయింది. కారణం తాగుడు కాదు. పరాయి ఆడది కాదు. రెండు క్రెడిట్ కార్డులు.

నేను వాళ్ల పక్కింటివాణ్ణి. ఉత్తరాది చలి ఊరు మా డులూత్‌లో ఏప్రిల్ వచ్చినా మంచు పూర్తిగా పోదు. ఇక కొత్తగా పడదన్న ధైర్యంతో, అరువు తెచ్చుకున్న మంచు తోసే యంత్రం తిరిగివ్వడానికి వెళ్లాను. ఇంటాయన గార్త్ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

"సమయానికొచ్చావు రస్. కూర్చో. నువ్వే చెప్పు. నలుపా, నీలమా?"

బల్ల మీద రెండు రంగుల కరపత్రాలున్నాయి. నీలం కార్డుకి ఏడాది రుసుము తొంభై అయిదు డాలర్లు. నల్లదానికి ఆరువందల తొంభై అయిదు. గార్త్ కౌంటీ రోడ్ల శాఖలో ఇంజనీరు. వంతెన నిలుస్తుందా కూలుతుందా అన్నది ఒక్క పూటలో తేల్చేస్తాడు. ఈ రెండు కార్డుల సంగతి మాత్రం జనవరి నుంచీ తేల్చలేకపోతున్నాడు.

"నీలం చవక కదా," అన్నాను.

అతను జాలిగా చూశాడు. "అందరూ అక్కడే బోల్తా పడతారు. అసలు చవక నల్లది. హోటళ్ల కింద రెండొందలు వెనక్కిస్తారు. టాక్సీల కింద రెండొందలు. జిమ్ కింద మూడొందలు. మొత్తం ఏడొందలు. అంటే బ్యాంకే నాకు అయిదు డాలర్లు ఎదురిస్తోంది!"

"నువ్వు జిమ్‌కి వెళ్తావా?"

"చేరాలి."

"ఎక్కడుంది?"

"మినియాపొలిస్‌లో."

"రెండున్నర గంటల డ్రైవింగ్," అంది పొయ్యి దగ్గర్నుంచి కోరిన్. "అక్కడికి చేరేసరికే కావలసినంత చెమట పడుతుంది."

కోరిన్ అతని భార్య. బడిలో పిల్లలకి సంగీతం చెబుతుంది. జూన్‌లో ఆమె చెల్లెలు బ్రిజెట్ పోర్చుగల్‌లో పెళ్లి చేసుకుంటోంది. నలభై ఏడేళ్లకి మొదటి పెళ్లి. పెళ్లికూతురి పక్కన నిలబడాల్సింది కోరినే. ఇంతవరకూ టికెట్ లేదు. కార్డు తేలితే బహుమతి పాయింట్లు వస్తాయి, పాయింట్లు పెరిగితే విమానంలో కాళ్లు చాపుకుని పడుకునే సీట్లు వస్తాయి, అందాకా ఇంట్లో ఎవరూ డబ్బు పెట్టి టికెట్ కొనకూడదు. ఇది గార్త్ శాసనం.

"జనవరిలో టికెట్ ఏడొందల ఎనభై," అంది కోరిన్ నాకు కాఫీ పోస్తూ. "ఇవాళ తొమ్మిదొందల నలభై. రేపు ఆదివారంలోగా వస్తానో రానో చెప్పకపోతే నా చోట పెళ్లికొడుకు అక్కని నిలబెడతానంది బ్రిజెట్. నేను పెంచిన పిల్ల, రస్. ఫోన్‌లో ఏడ్చింది."

"ఇంకొక్క వారం ఆగమను," అన్నాడు గార్త్. "ముందు నువ్వు ఆ ఫోన్ చెయ్యి."

ఆ ఫోన్ ఏమిటో పాయింట్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. కార్డుకి ఏడాది రుసుము పడగానే బ్యాంకుకి ఫోన్ చేసి, రద్దు చేసుకుంటానని బెదిరించాలి. వాళ్లు కంగారుపడి కొన్ని పాయింట్లు విదిలిస్తారు. కోరిన్ పేరు మీద ఓ పాత ఆకుపచ్చ కార్డుంది. దాని రుసుము మొన్ననే పడింది.

"గుర్తుంచుకో," అన్నాడు గార్త్ వేలెత్తి. "ప్రాణం పోయినా 'రద్దు చేయండి' అనకు. 'రద్దు చేద్దామనుకుంటున్నాను' అను. కిటుకంతా ఆ అనుకోవడంలోనే ఉంది. నిరుడు మా పాయింట్ల గుంపులో ఒకడి రెండో ఆటగాడు నోరు జారితే కార్డు ఊడింది, పాయింట్లూ ఊడాయి. వాడు ఇప్పటికీ మనిషి కాలేదు."

"రెండో ఆటగాడెవరు?" అన్నాను.

"నేను," అంది కోరిన్. "వీళ్ల గుంపులో పెళ్లాన్ని అలాగే అంటారు. నా పేరుతో కూడా కార్డులు తీసి ఆడతాడు కదా. పెళ్లినాడు చర్చిలో పాస్టరు ఈ మాట చెప్పలేదు మరి."

ఆమె ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది. బ్యాంకులో, వదిలిపోయేవాళ్లని బుజ్జగించే విభాగంలో యొలాండా అనే ఆమె పలికింది.

మా ప్రాంతంవాళ్లకి బెదిరించడం చేతకాదు. బెదిరించేముందు క్షమాపణ చెబుతాం.

"ఏమనుకోకండి," అంది కోరిన్. "మీకు పని పెడుతున్నాను. కార్డు రద్దు చేద్దామనుకుంటున్నాను."

గార్త్ బొటనవేలు పైకెత్తాడు.

"అయ్యో, ఎందుకండీ?"

"రుసుముకి తగిన ప్రయోజనం కనిపించడం లేదు."

"ఇది ప్రయాణాల కార్డు కదా మేడమ్. ఈ మధ్య ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారు?"

గార్త్ రాసిచ్చిన పాఠంలో ఈ ప్రశ్న లేదు. కోరిన్ ఆలోచించింది.

"ఫార్గో."

"విమానంలోనా?"

"కార్లో, నాలుగు గంటల దారి. మా ఆయన బాబాయి పోతే వెళ్లాం."

అవతల యొలాండా దగ్గింది. నవ్వాపుకున్న దగ్గు. "ముప్ఫైవేల పాయింట్లు ఇస్తానండీ. మూడు నెలల్లో నాలుగువేల డాలర్లు ఖర్చుపెడితే చాలు."

గార్త్ కుర్చీలోంచి సగం లేచాడు. శబ్దం రాకుండా పెదాలతోనే 'ఒప్పుకో, ఒప్పుకో' అంటున్నాడు.

"ఆ పాయింట్లు చేతికెప్పుడొస్తాయి?" అంది కోరిన్.

"ఆగస్టులో."

"మా చెల్లెలి పెళ్లి జూన్‌లో." ఆమె గొంతు మారింది. "రద్దు చేసేయండి."

"అనుకుంటున్నాను!" గార్త్ కేక పెట్టాడు. "అనుకుంటున్నాను అని చెప్పు!"

"మేడమ్, అక్కడ ఇంకెవరో ఉన్నారు. ఎవరండీ?"

"ఒకటో ఆటగాడు."

యొలాండా ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వింది. "సరే మేడమ్. రద్దు చేసేముందు చెప్పడం నా బాధ్యత. చేస్తే ఇందులో ఉన్న పాయింట్లన్నీ పోతాయి. రెండు లక్షల పదకొండువేలు."

కోరిన్ మెల్లగా భర్తవైపు తిరిగింది. కార్డు ఆమె పేరు మీదున్నా, ఖాతా ఏనాడూ తెరిచి చూసిన మనిషి కాదు.

"వాటితో జూన్‌లో పోర్చుగల్‌కి, పోర్తో ఊరికి, టికెట్ వస్తుందా?"

"ఎందుకు రాదండీ? జూన్ మొదటివారంలో పోర్తోకి మామూలు సీట్లు... మనిషికి తొంభై నాలుగువేలు. రెండు హాయిగా వస్తాయి. నిజానికి జనవరి నుంచీ వచ్చేవే."

"గార్త్."

"ఆ రేటుకా?" అతని ముఖం పాలిపోయింది. "పాయింటుకి ఒక్క సెంటే విలువ కోరిన్! ఒక్క సెంటు! పడుకునే సీట్లకి వాడితే నాలుగు సెంట్లు పలుకుతాయి! ఇంకో ముప్ఫైవేలు తక్కువయ్యాయి, అంతే! ఈ సంగతి మా గుంపులో తెలిస్తే నేను తలెత్తుకోగలనా? రస్, నువ్వైనా చెప్పు!"

నేను కాఫీ తాగుతున్నాను. ఆ క్షణంలో కప్పు అడుగున చూడవలసిన విషయం చాలా ఉందనిపించింది.

"ఒక టికెట్ తీయండి యొలాండా," అంది కోరిన్. "నాకొక్కదానికే. మిగతావి మా ఆయన దాచుకుంటాడు."

"తప్పకుండా మేడమ్."

అవతల కీబోర్డు టకటకలాడుతోంది. గార్త్ భార్య వంక చూశాడు. ఆమె అతని వంక చూడడం లేదు. కిటికీ బయట కరుగుతున్న మంచుని చూస్తోంది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"రెండు," అన్నాడు గార్త్.

"సార్, సరిగా వినబడలేదు. ఈ కాల్ రికార్డవుతోంది."

"రెండు!" పన్ను పీకించుకున్నవాడిలా అరిచాడు. "రెండు టికెట్లు! ఒక్క సెంటుకే!"

"పక్కపక్కన లేవు సార్. వేరువేరు వరసల్లో, రెండూ మధ్య సీట్లే. ఒకటి టాయిలెట్ ఎదురుగా."

"అది నాదే," అన్నాడు గార్త్. ఆ ఉదయం అతను లెక్క వెయ్యకుండా ఆడిన మొదటి మాట అది.

టికెట్లు తెగాయి. కోరిన్ వెంటనే పక్క గదిలోకెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. తలుపు మూయలేదు.

"వస్తున్నానే పిచ్చిదానా, ఏడవకు. టికెట్ తీసేశాం... ఆ, గార్త్ కూడా... నిజంగానే... లేదే, ఒంట్లో బాగానే ఉంది."