మంచిదాని జవాబులు

అద్దంకి పక్క పల్లెల్లో ఆడదాన్ని ప్రశ్నలకు తయారుచేయాలంటే అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే, పెళ్లిచూపుల పద్ధతి. కోపం వస్తుందా అంటే రాదండీ అనాలి. వంటొచ్చా అంటే అన్నీ వచ్చండీ అనాలి. అడిగేవాళ్లు నమ్మరు, చెప్పేవాళ్లకూ నమ్ముతారన్న ఆశ ఉండదు, అయినా పెళ్లిళ్లు జరిగిపోతూనే ఉన్నాయి. అందుకని కోటేశ్వరికి మానసిక పరీక్ష పెడతారని తెలియగానే తల్లి పిచ్చమ్మా, పక్కింటి జాన్‌బీ కలిసి ఆ పద్ధతిలోనే రంగంలోకి దిగారు. వాళ్లనేం అంటాం! వేరే పద్ధతి వాళ్లకెవరు నేర్పారు గనక.

సంగతేమిటంటే, చీరాల రోడ్డు మీద కొత్తగా పిల్లల ఆశ్రమం కట్టారు. తల్లీదండ్రీ లేని పిల్లల్ని కొంతమందిని ఒక్కో ఇంట్లో ఉంచి, ఆ ఇంటికొక అమ్మను ఉద్యోగంలో పెడతారట. పదో తరగతి చదివి ఉండాలి, వెనక సంసారం ఉండకూడదు. అక్కడే వంట, అక్కడే పడక. పిల్లలు ఆమెను అమ్మా అనే పిలుస్తారట.

ఆ చివరి మాట దగ్గరే కోటేశ్వరి ఆగిపోయింది. జీతం ఎంతో కూడా అడగలేదు.

పిల్లలు పుట్టలేదని మొగుడు వీరాంజనేయులు ఆమెను పుట్టింట్లో దింపి, పత్తితీతలు కాగానే వచ్చి తీసుకెళతానని చెప్పి పోయాడు. పత్తితీతలు ఏటేటా అవుతూనే ఉన్నాయి. ఆ మహానుభావుడు ఇంకో పెళ్లి చేసుకుని పిల్లల్ని కూడా కన్నాడు. అతను రాలేదన్న బాధ కోటేశ్వరికి ఎప్పుడో పోయింది. పోనిది వేరే ఉంది. వీధిలో ఎవరి బిడ్డ అమ్మా అని కేకేసినా ఆమె తల తిప్పి చూస్తుంది. పిలిచింది తనను కాదని తెలుసు. తెలిసి కూడా తిప్పుతుంది. ఆ పాడు తలకాయకు ఎన్నిసార్లు చెప్పుకున్నా బుద్ధి రాలేదు.

"పరీక్షలో ఏం అడుగుతారంట?" అంది పిచ్చమ్మ. మిరప కల్లంలో ముగ్గురూ కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"పుస్తకాల చదువు గాదంట పిచ్చమ్మక్కా. మనిషి మనసు ఎట్టాంటిదో చూస్తారంట," అంది జాన్‌బీ. ఆమె అల్లుడు ఆ ఆశ్రమం కట్టిన మేస్త్రీ దగ్గర పనిచేశాడు. అందుకని ఆశ్రమం విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. "మంచి మనసు ఉన్నదాన్నే తీసుకుంటారు. కోటీ, నేను అడుగుతా, చెప్పు. నీకు కోపం వస్తదా?"

"రాదు పిన్నీ."

"ఏడుపో?"

"రాదు."

"అబద్ధాలు ఆడతావా?"

"ఎప్పుడూ ఆళ్లేదు."

"ఆడేది ఇప్పుడేగా!" అని పిచ్చమ్మ నవ్వింది.

"నువ్వుండక్కా, పిల్లను చెడగొట్టమాక. కోటీ, పరాయివాళ్లది నాకు కావాలని ఎప్పుడన్నా అనుకున్నావా?"

కోటేశ్వరి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏందే, అట్టా ఆగావు?"

"ఘాటు తగిలింది పిన్నీ," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లేదు. ఎప్పుడూ అనుకోలేదు."

"అదీ! మా తల్లే! అట్టనే చెప్పు, ఉద్యోగం ఎందుకు రాదో నేనూ చూస్తా."

పరీక్షనాడు కాగితం చూడగానే కోటేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. జాన్‌బీ అడిగినవే ముప్పాతిక వచ్చాయి. ఒక్కో వాక్యం చదివి అవును అనో, కాదు అనో గుర్తు పెట్టాలి. 'నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది.' కాదు. 'నేను ఎప్పుడో ఒకసారి అబద్ధం చెప్పాను.' కాదు. 'ఒక్కోసారి ఊరికే ఏడుపొస్తుంది.' కాదు. టకటకా పెట్టుకుంటూ పోయి అందరికన్నా ముందే లేచింది. బయట మొహం కడుక్కుని, పిల్లల ఇళ్ల ముందు ఆరేసిన చిన్న చిన్న గౌన్లను తనివితీరా చూసుకుంది. వాటిల్లో ఏవి తన చేతికి వస్తాయోనని కూడా అనుకుంది. మనిషి ఆశకు అడ్డేముంది!

మధ్యాహ్నం పిలుపొచ్చింది. పరీక్ష పెట్టడానికి గుంటూరు నుంచి వచ్చిన లక్ష్మీదుర్గ మేడం ఎదురుగా కాగితం పెట్టుకుని కూర్చుని ఉంది.

"కోటేశ్వరి గారూ, మీకు కోపం ఎప్పుడూ రాలేదా?"

"రాలేదండి."

"ఎవరి మీదా? మీ ఆయన మీద కూడానా?"

కోటేశ్వరి కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఇందులో కొన్ని వాక్యాలు కావాలనే పెడతామమ్మా. పుట్టిన ప్రతివాళ్లూ అవును అనాల్సినవి అవి. మీరు అన్నిటికీ కాదన్నారు. ఇక మిగతా జవాబులు నేనెట్లా నమ్మేది?"

"అయితే తప్పానాండి?" అంది కోటేశ్వరి.

"తప్పలేదు. అసలు ఈ కాగితంలో మీరు లేరు. ఎవరో మంచావిడ ఉంది. ఆవిడ నాకొద్దు." మేడం ఇంకో కాగితం ఇచ్చింది. "మీరొచ్చి కూర్చోండి ఈసారి."

అవే వాక్యాలు, వరస మాత్రం మారింది. కోపం దగ్గర అవును పెట్టింది. ఏడుపు దగ్గర అవును పెట్టింది. అంతవరకూ పర్వాలేదు. ఆ తర్వాత వచ్చింది అసలుది. 'నాది కానిదాన్ని తీసుకోవాలనిపించింది.'

రెండేళ్ల కిందట మిరప కోతలప్పుడు ఎక్కణ్ణుంచో కూలికొచ్చిన ఒకామె తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టింది. నీళ్లు తాగడానికొచ్చిన కోటేశ్వరి ఉయ్యాలలోకి తొంగిచూసింది. పిల్ల నవ్వింది. ఎత్తుకుంది. ఎత్తుకుని మిరప సాళ్ల చివరిదాకా నడిచింది. అక్కణ్ణుంచి కాలవ కట్ట ఎక్కింది. కట్ట మీదుగా రోడ్డు దాకా వెళ్లి, బస్సుకోసం నిలబడినదానిలా నిలబడింది. బస్సొస్తే ఎక్కేదేనా? ఇవాళ్టికీ ఆమెకు తెలియదు. ఆ కాసేపూ మాత్రం ఆమె అమ్మే. భుజం మీద బరువు, మెడ మీద ఊపిరి, అంతా తనదే.

ఇది రాస్తే బిడ్డల్ని ఎవరిస్తారు? దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ? కాదు అన్న గడి పక్కనే ఉంది. ఆరేసిన గౌన్లు కళ్లముందు ఆడాయి. దేవుడా, ఒక్క గీత! కోటేశ్వరి కళ్లు తుడుచుకుంది. అవును దగ్గర గుర్తు పెట్టింది. పెట్టాక, ఆ గౌన్లు ఇక తనవి కావని గుండె చెరువైపోయింది.

మేడం దాని మీదే వేలు పెట్టి అడిగింది. కోటేశ్వరి దాచలేదు, అంతా చెప్పింది.

"మరి ఎందుకు వెనక్కి తీసుకొచ్చారు?"

"పాలకేడ్చిందండి. నా దగ్గర పాలు లేవు. వెనక్కి మళ్లేసరికి వాళ్లమ్మ సాళ్లెమ్మట పరిగెత్తుకుంటా వస్తా ఉంది. ఆమె చేతుల్లో పడగానే పిల్ల ఏడుపాపేసింది. అప్పుడు తెలిసిందండి, అది నాది కాదని."

లక్ష్మీదుర్గ మేడం మొదటి కాగితం చించేసి, రెండోదాన్ని ఫైల్లో పెట్టుకుంది.

ఉద్యోగం వచ్చిందని జాన్‌బీ అల్లుడు కబురు తెచ్చాడు. "చూశావా, నే చెప్పినట్టే చెప్పావు!" అని జాన్‌బీ మెటికలు విరిచింది. కోటేశ్వరి ఆమె ముచ్చట ఎందుకు కాదనాలని ఊరుకుంది.

ఆశ్రమంలో మొదటిరోజు సాయంత్రం, పిల్లలందరూ ఆటకు పోయాక ఒక పిల్ల మాత్రం గుమ్మం దగ్గర నిలబడింది. పేరు మంగ, ఐదేళ్లుంటాయి. సముద్రం ఒడ్డున వాడరేవు నుంచి కొత్తగా తీసుకొచ్చారు. చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "నాకు ఇక్కడ బాగుంది. నాకు ఏడుపు రాదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం అమ్మా."

అమ్మా!

ఈసారి తల తిప్పే పని కూడా లేదు. మాట ఎదురుగా వచ్చి నిలబడింది. దీనికోసమే గదా ఇన్నేళ్లు అలమటించింది. తీసుకుని కొంగున కట్టేసుకుంటే అడిగేవాళ్లెవరు? కానీ ఆ జవాబులు కోటేశ్వరికి బాగా తెలిసినవి. అవి మంచిదాని జవాబులు.

ఆమె నేలమీద కూర్చుని పిల్లను దగ్గరకు లాక్కుంది. "అట్టా చెప్పమని ఎవరు చెప్పారే?"

"ఇక్కడి పెద్ద మేడం."

"అది చాల్లే. నిజం చెప్పు, నేను కోప్పడనులే. నీకేం కావాలి?"

మంగ కట్టుకున్న చేతులు విప్పింది. "మా అమ్మ కావాలి."

తగలాల్సిన చోటే తగిలింది కోటేశ్వరికి. అయినా పిల్ల వీపు మీద చెయ్యి తీయలేదు.

"నువ్వు మా అమ్మవి కాదు," అంది మంగ ఏడుస్తూ.

"కాదు," అంది కోటేశ్వరి. "మీ అమ్మ ఎట్టా ఉండేదో చెప్పు, వింటా."

పిల్ల వెక్కుతూ చెప్పింది. ఇసకలో చేపలు ఎండేసేదట. కాకులొస్తే పెద్దగా అరిచేదట. దగ్గరకు తీసుకుంటే చీరంతా ఎండుచేపల వాసనట. "నీ దగ్గర ఆ వాసన లేదు," అని నేరం మోపినట్టు చెప్పి, కోటేశ్వరి భుజం మీద తల వాల్చి మళ్లీ ఏడ్చింది. భుజం మీద అదే బరువు, మెడ మీద అదే ఊపిరి. సాళ్లెమ్మట పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆ తల్లే ఎక్కడన్నా ఉండి ఉంటే, ఈ పిల్లను ఇట్లాగే ఎత్తుకుని వాడరేవు దాకా నడిచి ఇచ్చి వచ్చేది కోటేశ్వరి.