చేపల తొట్టికి రంగు

మోరంచ వాగు పొంగిన ఏడాది అది. రేగొండలో బట్టల దుకాణం నడిపే రాంచందర్ ఇంట్లో కొత్తగా అద్దాల తొట్టి పెట్టారు. నాలుగువైపులా మనుషులు కనబడేసరికి బంగారు చేపలు బెదిరి, రెండు రోజులుగా మేత ముట్టలేదు.

"వెనక పసుపు షీటు అంటిద్దాం, శుభం," అన్నాడు రాంచందర్.

"పసుపు మీద బంగారు చేప ఏం కనవడ్తది? నలభై ఏండ్లు బట్టలమ్మిన్రు, గింత తెల్వదా?" అంది భార్య వెంకటనర్సమ్మ.

పెళ్లికూతురి చెంప దగ్గర చీర పెట్టి రంగు చూసినట్టే, జాకెట్టు ముక్కలు ఒక్కొక్కటీ వెనక అద్దానికి ఆనించి చూసింది. ముదురు నీలం పెట్టగానే చేపలు మెరిశాయి. ఆ రంగు షీటే తెప్పించి, అద్దానికి బయటివైపు షీటు అతుక్కునేలా కొబ్బరినూనె పూసి, చపాతీ కర్రతో బుడగల్లేకుండా అంటించింది. సాయంత్రానికి చేపలు బెదురు తీరి మేత తిన్నాయి. రాంచందర్ చేపల్ని కాదు, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున పెళ్లిచీరల కోసం వచ్చిన వాళ్లతో, "జర ఆగున్రి, రంగు మా ఇంటామె చెప్తది," అని ఆమెను దుకాణానికి పిలుచుకొచ్చాడు.