పదకొండు పొరలు

చెవిని గాజుకు ఆనించి ఇసకక్క ఊపిరి బిగబట్టింది. విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో, ముప్పై అడుగుల గాజు తొట్టెలో నీళ్లు పారుతున్నాయి. అడుగున తెల్ల ఇసుకా నల్ల ఇసుకా కలిసి జానెడెత్తు దిబ్బలుగా లేచాయి. ప్రవాహం ఒక్కో రేణువునూ దిబ్బ వీపు మీదికి దొర్లించుకుపోయి అవతలివైపు జారవిడుస్తోంది. జారినచోటల్లా ఏటవాలుగా ఒక పొర; ఇప్పటికి పదకొండు. రాళ్లలో కనిపించే చారలు ఒకప్పుడు ఎలా పుట్టాయో ఈ గదిలో కళ్లారా చూడవచ్చు.

"చాల్లే, మోటారు ఆపెయ్యమ్మా," అంది.

పక్కనున్న పరిశోధక విద్యార్థిని మోటారు ఆపింది. ఇంతకుముందు మూడుసార్లూ నీళ్లు తీసేటప్పుడే దిబ్బలు కూలాయి. ఇక ఇదే ఆఖరుసారని ప్రొఫెసరు తేల్చి చెప్పాడు.

"ఈసారీ పోతే నా మూడేళ్లూ నీళ్లపాలే అక్కా."

"కంగారుపడకు. నీళ్లకి తెలీకుండా నీళ్లు తియ్యాలి."

నీళ్లు బయటికి వదిలే కవాటాన్ని వెంట్రుకవాసి తిప్పి, ఇసకక్క అక్కడే పాతుకుపోయింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ గది ఊడవడానికే వచ్చింది. ఊడ్చాక చీపురు పట్టుకుని తొట్టె ముందు నిలబడిపోయేది. "దిబ్బలు నడుస్తున్నాయేంటి సారూ?" అని ఒకరోజు అడిగితే, అప్పటి ప్రొఫెసరు చీపురు తీసుకుని కవాటం అప్పగించాడు. ఆమె పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. కానీ ఆమెను అడగకుండా ఆ కవాటం మీద చెయ్యి వేసినవాడు లేడు.

మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. దర్జీ.

"నేను పిలిస్తే వినబడదు గానీ ఇసుక కదిలితే వినబడుద్ది నీకు. భుజం లాగుతోందన్నావుగా, మాత్ర వేసుకున్నావా?"

"సాయంత్రం వేసుకుంటాలే. నువ్వు గుడ్డ కత్తిరించేటప్పుడు నేను పిలిస్తే పలుకుతావా ఏంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రానికి తడి ఇసుక మాత్రం మిగిలింది. ఇసకక్క మధ్యలో పలుచని రేకు దించి, ఇవతలి సగాన్ని చేత్తో తొలగించింది. ఒక్క పొరా చెదరలేదు. కళ్లజోడు తీసి తొట్టె అంచున పెట్టి, ముఖం దగ్గరికి చేర్చి, చిటికెనవేలితో గాలిలోనే లెక్కపెట్టింది.

"పదకొండు. అన్నీ ఉన్నాయి తల్లీ."

ఆ పిల్ల ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"ముందు ఫొటోలు తీసుకో. నేను కాసేపు కూర్చుంటా."

అరగంట తరువాత విద్యార్థిని "అక్కా, నువ్వూ రా, నీకూ ఒకటి తీస్తా," అని పిలిచింది. గోడవారగా బల్ల మీద ఇసకక్క ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. రెండోసారి పిలిచినా పలకలేదు. తట్టి చూస్తేగాని ఊపిరి ఆగిపోయిందని తెలియలేదు.

దర్జీ మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. చాలాసేపు భార్య చెయ్యి వదల్లేదు. ఆ తరువాత తలెత్తి, "ఇసుక నిలిచిందా అమ్మా?" అని అడిగాడు.

"నిలిచిందండీ."

అందరూ వెళ్లాక తొట్టె అంచున కళ్లజోడు అలాగే ఉండిపోయింది. కాడ మడతలో రెండు నల్ల రేణువులు ఇరుక్కుని ఉన్నాయి.