ఒరిగే బండి మీద పుట్టింటి సారె

ధర్మవరంలో అలాంటి బండి ఒక్కటే ఉండేది. బెంగుళూరులోనూ ఒక్కటే ఉండేది, దాన్నే నేను కొన్నాను. అక్కడొక ఇంజనీరు పని లేని రోజుల్లో స్కూటరును సగానికి కోసి, వెనక రెండు చక్రాలూ ఒక ఇనప పెట్టే తగిలించి తయారుచేశాడు. రెండోది ఎందుకు చేయలేదో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బండి సంగతి ఇది. మలుపు వస్తే ముందు సగం, అంటే హ్యాండిలూ సీటూ మనమూ, మోటారు సైకిలు లాగే పక్కకు ఒరుగుతాం. వెనక పెట్టె మాత్రం రెండు చక్రాల మీద నిటారుగా ఉంటుంది. ఆపినప్పుడు ముందు సగం వాలిపోకుండా సీటు కింద ఒక కడ్డీ ఉంది. దాన్ని కిందికి నొక్కితే రెండు సగాలూ బిగుసుకుంటాయి. కదిలేముందు పైకి లాగాలి. పట్టుచీరల వ్యాపారికి ఇంతకన్నా మంచి బండి లేదని నేననుకున్నాను. ఊరు అలా అనుకోలేదు.

టీ అంగడి ఎర్రప్ప రోజూ నన్ను ఆపేవాడు.

"ఏమప్పా శ్రీరంగప్పా, మూడు చక్రాలుండీ ఒరుగుతాండాదే నీ బండి?"

"ఒరగాలనే చేసినారన్నా."

"ఒరిగేదానికైతే రెండు చాలు కదప్పా. మూడోదానికి దుడ్లెందుకు పెట్టినావు?"

నేను బండి దిగి, టీ గ్లాసులు రెండు తీసుకుని, ఏది ఒరుగుతుందో ఏది ఒరగదో చూపించేవాణ్ణి. మర్నాడు ఎర్రప్ప కొత్త మనిషినొకణ్ణి కూర్చోబెట్టి, "చెప్పన్నా, ఈయనకు తెలీదంట," అనేవాడు. ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరొకాయన, నేను మలుపులో పడిపోతున్నాననుకుని పరుగెత్తుకొచ్చి నన్ను నిటారుగా నెట్టాడు. ఇద్దరం పక్కనున్న మురుగు మోరీలో పడ్డాం. లేచాక, సాయం చేసినవాణ్ణి మోరీలో పడేశానని ఆయన నన్నే తిట్టాడు.

నా భార్య రామాంజినమ్మ మూడు నెలలైనా బండి ఎక్కలేదు.

"చీరలు నిటారుగా పోవాల, కట్టుకునే ఆడది ఒరగాల. అదేం బండయ్యా?" అంది. ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఇంజనీరుకు కూడా తట్టి ఉండదు.

ఇంతలో కొత్తచెరువులో ఆమె చెల్లెలు కదిరమ్మ కొత్త ఇల్లు కట్టుకుంది. వాళ్ళలో ఆడపిల్ల కొత్తింటి గడప దాటేటప్పుడు పుట్టింటి చీర కట్టుకునే దాటాలి. అంతకుముందు ఏడాదే వాళ్ళమ్మ పోయింది. అందుకని ఈసారి సారె తీసుకుపోయేది రామాంజినమ్మ. ముహూర్తం పదిగంటలకు. ఆ పొద్దు బస్సు రాలేదు. టైరు పంచరైందని ఒకడు, డ్రైవరు బామ్మర్ది పెళ్ళని ఇంకొకడు చెప్పారు.

"మా కదిరి పాతచీరతో గడప దాటితే అక్కనని చెప్పుకునేదానికి నాకు మొగముండదు. తియ్యయ్యా బండి," అంది రామాంజినమ్మ.

సారె పళ్ళెం పెట్టెలో పెట్టమన్నాను.

"అమ్ముకునే సరుకు పక్కన పుట్టింటి సారె పెడతారా ఎవరైనా?"

నేను గట్టిగా పట్టుబట్టలేదు. పెట్టెలో నిజంగానే అమ్ముకునే సరుకు ఉంది. అంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరుతున్నప్పుడు, ఏదో వెతుకుతున్నట్టు పెట్టె తెరిచి నాలుగు చీరలు పైకి తీస్తే తప్పేముంది? వాటి అడుగున గుత్తి ఊరి ఆసామి ఒకాయన కూతురి పెళ్ళికని నేయించిన చీర కూడా ఉంది. అది అమ్మడానికి కాదు, చూపించడానికి.

అలా సారె ఆమె ఒడిలోకి వచ్చింది. ఒడి ఒరిగే సగం మీద ఉంది. ఎదురింటి భద్రమ్మత్త గడపలో నిలబడి, "గడప చేరేదాకా సారె పళ్ళెం పక్కకు ఒరగకూడదు తల్లీ," అంది. ఆమె జన్మలో సైకిలు కూడా ఎక్కలేదు.

"ఆ కడ్డీ అట్లే నొక్కిపెట్టి పోనీ," అంది రామాంజినమ్మ.

"పోయేటప్పుడు తీసేయాల."

"ఎందుకు?"

"ఒరగాల కాబట్టి."

"ఎందుకొరగాల? ఇప్పుడు నిటారుగా ఉండాది కదా?"

లోపలికి పోయి టీ గ్లాసులు తెద్దామనుకున్నాను. టైము లేదు. కడ్డీ అలాగే ఉంచాను.

తిన్నని రోడ్డు మీద బండి బాగానే పోయింది. "చూసినావా? మూడు నెలలు ఉత్తపుణ్యానికి ఒరిగినావు," అంది వెనకనుంచి. ఆ తర్వాత వానాకాలంలో మాత్రమే పారే వంక దగ్గర మలుపు వచ్చింది. హ్యాండిలు తిప్పాను. బండి ఒరగలేదు. ఒరగడానికి బదులు వెనక చక్రమొకటి గాల్లోకి లేచింది, దాని వెంట పెట్టె, పెట్టె వెంట మేము. ఎండిన వంకలో ఇసుక మెత్తగా ఉంది కాబట్టి మాకేమీ కాలేదు. టెంకాయ దొర్లిపోయింది. బియ్యం ఇసుకలో కలిసింది. సారె చీర పోయి తుమ్మకంప మీద పడింది. లాగితే కొంగు నిలువునా చిరిగింది.

వంకలో గొర్రెలు మేపుతున్న తిప్పయ్య అనే ఆయన వచ్చి బండి లేపడానికి చెయ్యేశాడు. ఆయన గొర్రెలు తమలపాకులు తినడం మొదలుపెట్టాయి.

"మూడు చక్రాలుండీ ఎట్ల పడినారప్పా?"

"బిగించినామన్నా."

"యాలా?"

"పడకూడదని."

తిప్పయ్య నన్నొకసారి, బండినొకసారి చూసి, గొర్రెల్ని తోలుకుని పోయాడు.

రామాంజినమ్మ చిరిగిన కొంగు చేతిలో పెట్టుకుని ఇసుకలోనే కూర్చుంది. చిరుగు అంచులు రెండూ దగ్గరికి చేర్చి చూసింది.

"మా యమ్మ ఉండింటే బస్సు రాకపోయినా నడిచి పోయిండేది," అంది చివరికి. తర్వాత పెట్టె వైపు చూసింది.

"తెరువు."

"దాంట్లో వ్యాపారం సరుకు ఉండాది."

"తెలుసు. తెరువు."

"సారెకు అమ్ముకునే సరుకు పనికిరాదంటివే?"

"నువ్వు అమ్మితే కదా అది సరుకు."

పైనున్న నాలుగు చీరలూ విప్పకుండానే పక్కన పెట్టింది. అడుగుకు చెయ్యి పెట్టి వంకాయరంగు చీర బయటికి లాగింది.

"అది గుత్తివాళ్ళ పెళ్ళికూతురుది! నెలన్నర నేసినారు!"

"వాళ్ళకింకోటి నేయించి ఇస్తావు. మా కదిరికి ఇంకో అమ్మను తెచ్చిస్తావా?"

నేను కడ్డీ పైకి లాగాను. టెంకాయ దొరికింది. పసుపూ కుంకుమా పొట్లాలు కాబట్టి దొరికాయి. బియ్యం దారిలో ఒక అంగట్లో కొన్నాం.

"ఇప్పుడు పళ్ళెం ఒరుగుతాది మరి," అన్నాను.

"ఒరగనీ. చేరాల ముందు."

మొదటి మలుపులో నేనొకవైపు ఒరిగితే ఆమె ఇంకోవైపు ఒరిగింది. రెండో మలుపులో ఇద్దరం ఒకవైపే ఒరిగాం. మూడో మలుపుకు నాకన్నా ముందే ఒరిగి, "నువ్వింకా ఒరగాలయ్యా, భయపడతాండావు," అంది.

మేము చేరేసరికి పూజారి గడియారం చూసుకుంటున్నాడు. కదిరమ్మ పాతచీరతో గడప బయట నిలబడి ఉంది. మా తోడల్లుడు హనుమంతరాయుడు తన స్కూటరును జనమంతా చూసేట్టు పందిట్లోనే నిలిపాడు. మా ఒంటినిండా ఇసుక చూసి కదిరమ్మ కంగారుపడింది.

"పడినారా అక్కా?"

"ఏం చెప్పమంటావే! మీ బావ కడ్డీ బిగించి తోలినాడు. బిగిస్తే పడతాదని తెలిసి కూడా!"

నేను నోరు తెరిచాను. ఈలోగా హనుమంతరాయుడు దగ్గరికి వచ్చి, "అదేమన్నా, బిగిస్తే కదా పడకూడదు?" అన్నాడు. ఆయన వెనక ఇంకో అయిదారుగురు చేరారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కింట్లోకి పోయి వచ్చారు. వంకాయరంగు చీరలో కదిరమ్మ గడప ముందు ఆగి, కళ్ళు తుడుచుకుని, అక్క చెయ్యి పట్టుకుని కుడికాలు లోపల పెట్టింది. పాలు పొంగించారు. ఆడవాళ్ళంతా ఆ చీర చుట్టూ మూగి, అంచు తిప్పి చూసి, జరీ తడిమి చూశారు. ఒకామె నన్ను చూపిస్తూ రామాంజినమ్మను అడిగింది.

"మీ ఆయనది చీరల వ్యాపారమంట కదమ్మా? ఇట్లాంటివి ఇంకా తెచ్చినాడా?"

నేను జేబులో పెట్టె తాళంచెవి పట్టుకున్నాను.

"ఇది మా పుట్టింటి సారె చీరమ్మా," అంది రామాంజినమ్మ. "గృహప్రవేశానికొచ్చి ఎవరన్నా వ్యాపారం చేస్తారా?"

నేను తాళంచెవి వదిలేసి, హనుమంతరాయుడికి ఏది ఒరుగుతుందో ఏది ఒరగదో చూపించడానికి గ్లాసులు రెండు అడిగాను.