డ్రైవర్ నెత్తిమీది మూత

మా ఫ్యాక్టరీలో తేలిక ట్యాంకు తయారవుతోంది. చెక్క వంతెన మీద నడవాలి, విమానంలో పట్టాలి, అయినా గుండుదెబ్బకు తట్టుకోవాలి. చీఫ్ డిజైనర్‌కు బరువు పిచ్చి పట్టుకుంది. ఒక్క బోల్టు తగ్గించినా ఇంట్లో పెళ్లయినంత సంబరపడేవాడు. ఆయన చెప్పింది కాగితం మీద గీయడం నా ఉద్యోగం.

డ్రైవర్ నెత్తిమీది మూత గీస్తున్నప్పుడే నాకు తేడా కనిపించింది. ఫిరంగి గొట్టం సూటిగా ముందుకుంటే, పైకి లేచే మూత దానికి తగిలి సగంలో ఆగిపోతుంది. పక్కకు జరిగే మూత పెడదామన్నాను.

"దానికి పట్టాలు, చక్రాలు, మళ్లీ బరువు! ఇంకా నయం, కిటికీలు కూడా పెట్టమనలేదు," అన్నాడు చీఫ్.

ఇనుప ట్యాంకు చేసేముందు అవే కొలతలతో చెక్కది ఒకటి చేస్తారు. అందులో కూర్చుని చూడటానికి మా తమ్ముణ్ణి పిలిచారు. వాడు అదే ఫ్యాక్టరీలో సీట్లు కుడతాడు. పొట్టివాడు కాబట్టి అందరికీ బుడంకాయే. సగం తెరుచుకున్న మూతలోంచి ఇట్టే జారి బయటపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు కాబట్టి వచ్చాడు, మిగతావాళ్ల సంగతేమిటని నేను మొత్తుకున్నాను. ఆ మాట సైన్యం దాకా వెళ్లింది. పొట్టివాళ్లనే డ్రైవర్లుగా తీసుకుంటే సరిపోతుందని వాళ్లు తేల్చేశారు.

యుద్ధం మొదలైంది. తమ్ముడు మొహం చేటంత చేసుకుని ఇంటికి వచ్చాడు.

"అక్కా, నన్ను సైన్యంలోకి పిలిచారు! ఎప్పుడూ వెనక్కి నెట్టేవాళ్లే ఇవాళ ముందుకు రమ్మన్నారు."

"ఒరేయ్, అది చెక్కరా! ఆరోజు నీ ఒంటిమీద ఉన్నది చొక్కా. అక్కడ లావుపాటి కోటు, హెల్మెట్టు, పొగ. ఎలా వస్తావురా?"

"వస్తాలే. నువ్వు గీసిందేగా, నాకు తెలియదా?"

"ఎత్తు కొలిచేటప్పుడు కాస్త మునివేళ్ల మీద నిలబడు. నీకు దణ్ణం పెడతాను."

వాడు పడీపడీ నవ్వాడు. "పుట్టినప్పటి నుంచీ అదే పని కదా! ఈ ఒక్కసారి ఉన్నంతే నిలబడనీ."

ఉన్నంతే నిలబడ్డాడు. తీసుకున్నారు.

తేలిక ట్యాంకు ముందు వెళ్లి, దారి చూసి, వెనక్కి రావాలి. దానికోసమే చేశాం. అక్కడ బరువు ట్యాంకులు చాలక వీటినే శత్రువుకు ఎదురుగా తోలించారట. కాలిపోయిన మా తమ్ముడి ట్యాంకును పరిశీలించమని లారీ మీద మా షెడ్డుకే పంపారు. ఫిరంగి సూటిగా ముందుకే బిగుసుకుపోయి ఉంది. మూత గొట్టానికి ఆనుకుని సగంలో ఆగి ఉంది. వాణ్ణి అక్కడే బయటికి తీశామన్నారు. ఎలా తీశారో నేను అడగలేదు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పుడైనా ఆ మూత మారుస్తారు కదా, ఇంకొకరి తమ్ముడైనా బతుకుతాడు కదా అనుకున్నాను. సైన్యం నుంచి వచ్చిన ఆఫీసరు కాలిన మూత చుట్టూ తిరిగి, "ఇంకా పొట్టివాళ్లను చూడాలి," అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. నేను తమ్ముడికంటే పొట్టి.

"ఒక్కసారి ఆ చెక్కదాంట్లో కూర్చుంటావామ్మా?" అన్నాడు చీఫ్.

కూర్చున్నాను. నేను ఇరుక్కుపోతే మూత మారుతుంది. అంతకంటే నాకు ఇంకేం అక్కర్లేదు. మూత నెట్టి చూశాను. హాయిగా రావచ్చు. భుజాలు అడ్డంగా బిగించి, "రాలేకపోతున్నాను!" అని అరిచాను. మళ్లీ అరిచాను.

చీఫ్ దగ్గరికి వచ్చి వంగాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే జాలిపడుతున్నాడు.

"ఎందుకు రాలేవమ్మా? మీ తమ్ముడు వచ్చాడు కదా."

ఎంతసేపని అందులో కూర్చుంటాను? సగం తెరుచుకున్న ఆ మూతలోంచే బయటికి వచ్చాను.