దారం ఉన్నవే తెమ్మన్నాను

సైన్సు పత్రికలో రాబోయే నా వ్యాసం ప్రూఫులు సాయంత్రం ఐదింటికల్లా తిప్పి పంపాలి. అప్పటికి పదకొండయింది. దిద్దాల్సినవన్నీ దిద్దేశాను, అయినా కాలుగాలిన పిల్లిలా బల్లకూ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను.

నేను చేపల మీది పేలను చూసే మనిషిని. నవ్వితే నవ్వండి, మా అత్తగారు పదిహేనేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. చేపపేను రొయ్యకు దూరపు చుట్టం. చేప ఒంటిని పట్టుకుని దాని మీదే బతుకుతుంది. దాని కాళ్లు, కాళ్ల మీది వెంట్రుకలు లెక్కపెట్టి ఏది ఏ జాతో తేల్చడం నా ఉద్యోగం. ఇన్నేళ్లకు ఒక్క కొత్త జాతి దొరికింది. ఆవగింజంత ఉంటుంది. నుదుటి నుంచి సన్నటి దారమొకటి వచ్చి చేప రెక్కకు అతుక్కుని ఉంటుంది. మామూలు పేనుకు ఆ దారం ఉండదు, నుదుట రెండు గుండ్రటి బిళ్లలుంటాయి. దీనికి బిళ్లల్లేవు. దీనికి మా అన్నయ్య పేరు పెట్టాను.

అన్నయ్యది మార్కెట్లో చేపల కొట్టు. నాన్న పోయాక ఏడో తరగతి మానేసి కత్తిపీట ముందు కూర్చున్నాడు. నేను చదువుకున్నాను. మూడేళ్లుగా నాకు ఈ పేలను సీసాల్లో వేసి తెచ్చిస్తున్నదీ అన్నయ్యే. కొట్టు లైసెన్సు మీద తప్ప అన్నయ్య పేరు ఎక్కడా అచ్చయి ఎరగదు. ఈ సంగతి చెప్పగానే నేను గీసిన బొమ్మ పట్టుకెళ్లి త్రాసు పైన గోడకు అంటించి, కింద తన పేరు లావుపాటి అక్షరాలతో రాసుకున్నాడు. మార్కెట్టంతా "పేనుగారూ" అని పిలవడం, ఈయన పలకడం.

ఆ రోజు బతికున్నదాన్ని ఒక్కసారి చూసుకుందామని అన్నయ్యను తెమ్మన్నాను. ఉప్పునీళ్ల సీసాలో చేప రెక్క ముక్క, దానికి వేలాడుతూ నా పేను. ఇచ్చి, తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

చిన్న గాజుగిన్నెలోకి వంపి మైక్రోస్కోపు కింద పెట్టాను. అది గిలగిల్లాడుతోంది. చస్తోందేమో అనుకున్నాను. కాసేపటికి వీపు మీద చర్మం చిట్లింది. లోపలి నుంచి మెత్తగా ఇంకొకటి బయటికొచ్చింది. నుదుట రెండు గుండ్రటి బిళ్లలు. మామూలు పేను, వందేళ్లకు ముందే ఎవరో పేరు పెట్టేసిన పేను.

నా కొత్త జాతి దాని పిల్ల.

గిన్నె తీసుకుని సింకు దగ్గరికి వెళ్లాను. వంపేస్తే సరి, చూసింది నేనొక్కదాన్నే. చెయ్యి వంగలేదు. తిరిగొచ్చాను. మళ్లీ వెళ్లాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఏంటే ఆ తిరుగుడు? పురుగు కుట్టిందా?" అన్నాడు అన్నయ్య.

"ఇలా వచ్చి చూడు," అన్నాను.

ఒంటికన్ను మూసి చూశాడు. "ముదిరింది. అంతేగా?"

"అంతేగా అంటే? నీకు తెలుసా?"

"ఇవి చిన్నప్పుడు దారానికి వేలాడతాయి, ముదిరితే తెంపుకుని తిరుగుతాయి. చేపలు కోసేవాళ్లెవర్నడిగినా చెబుతారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు లేచింది.

"నువ్వు అడగలేదుగా. కొత్తదన్నావు. చదువుకున్నదానివి, మాకు తెలియనిదేదో కనబడిందనుకున్నా."

"నా సీసాల్లో పెద్దది ఒక్కటీ లేదే!"

"దారం ఉన్నవే తెమ్మన్నావుగా. ముదిరినవి గీకి పారేసేవాణ్ణి."

"సీసా అడుగున గుడ్ల తీగలున్నాయి. గుడ్లు పెట్టిందంటే దారం ఉన్నది పెద్దదే అనుకున్నాను."

"గీకేటప్పుడు పెద్దవాటివి తెగి పడుంటాయి," అన్నాడు.

మూడేళ్ల పని. దారం ఉన్నవే తెమ్మని నా నోటితో నేనే అన్నాను. వేరే ఎవరినైనా తిడదామంటే మనిషి దొరకలేదు. కూర్చుని ఏడ్చాను. అన్నయ్య ఏం చెయ్యాలో తోచక గిన్నెలో నీళ్లు ఒలకకుండా పట్టుకున్నాడు.

"అయితే నా పేరు రాదా?" అన్నాడు చివరికి.

"రాదు."

నాలుగుంబావుకు, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు రాసి పంపాను. పంపేదాకా నా భుజం వెనకే నిలబడ్డాడు.

"కొట్లో బొమ్మ తీసెయ్. మార్కెట్లో నవ్వుతారు," అన్నాను.

"బొమ్మేం చేసింది? ఉన్నదున్నట్టే గీశావు," అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొట్టుకు వెళ్లాను. బొమ్మ గోడ మీదే ఉంది. కింద తన పేరు అడ్డంగా కొట్టేసి, పక్కన 'పిల్ల' అని రాసుకున్నాడు. "పేనుగారూ, ఇదేంటి?" అని పక్క కొట్టువాడు అడుగుతున్నాడు. "మా చెల్లెలు కనిపెట్టింది, ఇది మామూలు పేనుకు పిల్లట," అని అన్నయ్య చెబుతున్నాడు.

నన్ను చూసి చెయ్యి తుడుచుకుని, బల్ల కింద నుంచి సీసా తీసిచ్చాడు. అందులో దారానికి వేలాడేవీ, తెంపుకుని తిరిగేవీ, గుడ్లతో ఉన్నవీ అన్నీ ఉన్నాయి.

"ఈసారి ఏదీ పారెయ్యలేదు," అన్నాడు.