కప్ప బిగుసుకుపోయింది

ఆదివారం ఉదయం స్నానాల గది అద్దం మీద, సరిగ్గా గడ్డం గీసుకునే ఎత్తులో, నిఘంటుకర్తకు ఒక కప్ప కనబడింది. ఇరవయ్యేళ్లుగా మాటలకు అర్థాలు రాస్తూ, వచ్చినవాళ్లను గుమ్మంలోనుంచే సాగనంపే ఆ పెద్దమనిషికి ఈ అతిథిని పంపడానికి మాత్రం చెయ్యి రాలేదు. పేరు తేలనిదాన్ని విడిచిపెట్టడం ఆయన స్వభావానికి సరిపడదు.

వెడల్పు మూతి గాజుసీసాలో తడి కాగితం పరిచి, ఒక కొమ్మ నిలబెట్టి, కప్పను అందులోకి దింపి, పైన పలచని గుడ్డ కట్టాడు. కుళాయి నీళ్లలో మందు ఉంటుందని, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లే చిలకరించాడు. అప్పుడు కప్పల పుస్తకం తెరిచాడు. వేళ్ల చివర గుండ్రని బిళ్లలు ఉన్నాయి. అంటే చెట్టుకప్ప, అంతవరకు రూఢి. వీపు గోధుమరంగన్నారు, ఇది పాలిపోయి ఉంది. తొడల వెనక పసుపు చుక్కలుంటే జాతి తేలిపోతుంది. కానీ ఆ కప్ప కాళ్లు పొట్టకిందికి మడుచుకుని, కదలనని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చుంది. ముట్టుకుంటే దాని చర్మానికి హాని, ముట్టుకోకపోతే తొడలు కనబడవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడూ అంతే. తిండికని వేసిన పురుగు దాని నెత్తిమీదే కూర్చుని రెక్కలు సవరించుకుంది. మూడోనాటి మధ్యాహ్నానికి ఆయనకు బెంగ పట్టుకుంది. పేరు తేలేలోపు ప్రాణమే పోతుందేమో. నాలుగు వీధుల అవతల ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

“అక్కయ్యా, కప్ప బిగుసుకుపోయింది. మూడు రోజులుగా కదలడం లేదు.”

“ఏ గదిది?”

“స్నానాల గదిది.”

“ఓరి నాయనో. నువ్వు లోపలున్నావా, బయటున్నావా?”

“బయటే ఉన్నాను.”

“బతికించావు. బలవంతం చెయ్యకు, విరుగుతుంది. మనిషిని పంపిస్తున్నా.”

విరుగుతుందనగానే ఆయన ఆ సన్నని కాళ్లను తలుచుకుని సీసా దగ్గరికి పోవడమే మానేశాడు.

సాయంత్రం వచ్చినవాడి చేతిలో నూనెడబ్బా, ఇనుపకడ్డీల కట్ట ఉన్నాయి. “సార్, కప్ప ఎక్కడ?”

“బల్లమీద, సీసాలో.”

తాళాలవాడు సీసా వంక చూశాడు, తన డబ్బా వంక చూశాడు. “దీనికి నూనె పొయ్యకూడదేమో సార్.”

కప్ప అంటే తాళం కూడానని నిఘంటుకర్తకు అప్పుడు తట్టింది. ఆ రెండో అర్థం ‘క’ సంపుటంలో రాసినవాడు తానే కావడంతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా అడగక తప్పలేదు.

“పోయిందంటావా?”

తాళాలవాడు వంగి చూశాడు. “గొంతు ఆడుతోంది కదా. మూసిన గదులు తెరవడం నా పని సార్, సగం గదుల్లో వీళ్లదే కాపురం. ఒంట్లో తడి పోకుండా పగలంతా ఇలాగే ముడుచుకుంటాయి. వెలుగు ఎక్కువైతే తెల్లబడతాయి. చీకటి పడ్డాక తిరగాలి కదా?”

“రాత్రుళ్లు దీపం పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. కదిలితే తొడలు చూద్దామని.”

“మీ తొడలు చూడాలని ఎవరైనా దీపం పెట్టుకుని కూర్చుంటే మీరు కాళ్లు చాపుతారా సార్?”

నిఘంటుకర్తకు నవ్వు ఆగలేదు. నవ్వు తగ్గాక సీసా వంక చూసి, “జాతి తేలకుండా వదిలెయ్యమంటావా?” అన్నాడు.

“ఇక్కడుంటే అది తినదు. తినకపోతే ఎన్నాళ్లుంటుంది?”

పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆయన పుస్తకం మూసి, సీసా ఎత్తుకున్నాడు. పెరట్లో నీళ్లతొట్టి పక్కన, వెడల్పాకుల పొద నీడలో గుడ్డ విప్పి సీసాను వాల్చాడు. ఇద్దరూ రెండడుగులు వెనక్కి జరిగారు. కప్ప అంచుమీదికి పాకి ఆగింది. అది రెండు కాళ్లూ నిలువునా చాచి గెంతింది. తొడల వెనక నల్లటి చర్మం మీద పసుపు చుక్కలు, అచ్చుతప్పు లేనంత స్పష్టంగా.

“చూశావా?”

“నేను దాని మూతి చూస్తున్నా సార్.”

ఆకుమీద దిగిన కప్ప తీరిగ్గా గోధుమరంగుకు తిరిగింది. పక్కన వాలిన పురుగును నాలుకతో లాగి, కళ్లు రెండూ లోపలికి నొక్కుకుని, గుటుక్కున మింగింది.